పాత తాలూకాఫీసు కూల్చేస్తారట. సున్నం పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

వంశధార గట్టు
మాది శ్రీకాకుళం జిల్లాలో ఒకప్పటి తాలూకా కేంద్రం. ఊరి పేరు ఇప్పుడే చెప్పను, చెబితే అసలు సంగతి పక్కకిపోయి పార్టీల గొడవ మొదలవుతుంది. బస్టాండు వెనక పాత తాలూకాఫీసు ఉంది. తెల్లదొరల కాలం నాటిది. ముందు పొడుగాటి వరండా, గుండ్రటి స్తంభాలు, లోపల మద్రాసు టెర్రస్ కప్పు (టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు పేర్చింది), ఒక పక్క ట్రెజరీ గది, వెనక సబ్‌జైలు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కూడా అందులోనే మండలాఫీసు నడిచింది. ఆ తర్వాత కొత్త బిల్డింగులోకి వెళ్లిపోయారు.

కొన్నేళ్ల కిందట రిపేరు అన్నారు. గోడలకి సిమెంటు ప్లాస్టరు కొట్టి, పైన నిగనిగలాడే రంగు వేశారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు, తాళం వేసుకుని పోయారు. ఇప్పుడు చూస్తే నేల నుంచి నడుమెత్తు దాకా ప్లాస్టరు ఉబ్బి పెచ్చులు ఊడిపోతోంది. లోపలి ఇటుకని గోరుతో గీకినా పొడి రాలుతోంది. దాంతో "ఇది పనికిరాదు, కండెమ్ చేసి ఆ జాగాలో షాపింగ్ కాంప్లెక్స్ కడదాం" అనే మాట మొదలైంది. నిజంగానే ఆ బిల్డింగ్ పోయినట్టేనా? కాకపోతే ఎవరిని పట్టుకోవాలి?

చీపురుపల్లి చిన్నోడు
షాపింగ్ కాంప్లెక్స్ అనే మాట బయటికొచ్చిందంటే షాపులు ఎవరెవరివో ఈపాటికి పంచేసుకుని ఉంటారు.

గానుగ సున్నం
ఊడిన చోట తెల్లగా ఉప్పులాంటిది పొంగుతోందా? కప్పు కారుతోందా? పిట్టగోడ మీద మొక్కలున్నాయా? ఈ మూడూ చెప్పండి. వీలైతే ఫోటోలు పెట్టండి.

వంశధార గట్టు
తెల్ల పొడి ఉంది. కప్పు రెండు గదుల్లో కారుతోంది, మిగతాచోట్ల బాగానే ఉంది. ట్రెజరీ గది మీద రావి మొక్క. మొక్క అనకూడదేమో, నా బొటనవేలంత లావుంది. ఫోటోలు పెట్టాను.

గానుగ సున్నం
చూశాను. ఇది పోయిన బిల్డింగ్ కాదండీ, ఊపిరాడని బిల్డింగ్.

ఆ రోజుల్లో పునాదిలో తేమని ఆపే పొర వేసేవాళ్లు కాదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నం ప్లాస్టరులోంచి, వెల్లలోంచి గాలికి ఆరిపోతుంది. గోడ అలా తడిసి ఆరుతూనే వందేళ్లు నిలబడింది. మీవాళ్లు దాని మీద సిమెంటు కొట్టి, ఆ పైన ఆయిల్ రంగు వేశారు. ఇక తడికి దారి లేదు. లోపలే ఉండి పైకి పాకుతుంది. దాంతో వచ్చిన లవణాలు ప్లాస్టరు వెనక గడ్డకట్టి ఇటుకని లోపలినుంచి పగలగొడతాయి. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. ఆ రెండూ కొట్టుకుంటే ఓడేది ఇటుకే. సిమెంటు పెచ్చు చెక్కుచెదరకుండా ఊడి, దాని వెనక ఇటుక పిండి అవడం ఫోటోలో స్పష్టంగా కనబడుతోంది.

చేయాల్సిన పనికి ఒక వరుస ఉంది. ముందు కప్పు, నీటి గొట్టాలు, చుట్టూ కాలవ. నీళ్లు ఆగితేగానీ గోడ జోలికి పోకూడదు. తర్వాత సిమెంటు మెల్లగా ఉలితో తీసేసి గోడని ఆరనివ్వాలి. ఆరనివ్వడం అంటే వారం కాదు, కనీసం ఒక వేసవి. అప్పుడు పిండైన ఇటుకలు మార్చి, సున్నం, ఇసుక, సుర్కీ (ఇటుక పొడి)తో ప్లాస్టరు, పైన వెల్ల. రావి మొక్కని మాత్రం ఎవరూ పీకకండి. పీకితే వేరుతో పాటు సగం పిట్టగోడ మీ చేతికొస్తుంది. మొదట్లో కోసి, కోసిన మొదలుకి మందు పట్టించి, వేరు చచ్చాక ఆ సందుని సున్నంతో పూడ్చాలి.

నాగావళి నాని
కరక్కాయ, బెల్లం, కోడిగుడ్డు కలపాలంటారు కదా. గుడ్డు రేటు చూస్తే ఎస్టిమేటు ఎక్కడికో పోతుంది.

గానుగ సున్నం
గుడ్డు సొన కలిపేది నున్నటి పైపూతకి. గోడంతా ఆమ్లెట్ వేయరు. కరక్కాయ నీళ్లు, బెల్లం మాత్రం మామూలే. అయినా వాటికంటే ముఖ్యం సున్నం బాగా నానడం. సంచీలో తెచ్చిన పొడి సున్నం పొద్దున్న కలిపి సాయంత్రం కొట్టేస్తే అది రాలిపోతుంది, అప్పుడు "సున్నం పనికిరాదు" అని పేరు దానికే వస్తుంది. మన తీరంలో ఒకప్పుడు గుల్లలు కాల్చి చేసిన సున్నమే వాడేవాళ్లు. మీ గోడ ముక్క ఒకటి ల్యాబులో పరీక్ష చేయిస్తే పాత పాళ్లు తెలుస్తాయి.

సైట్ ఇంజినీరు
సిమెంటుని విలన్ చేయడం తేలిక. మా వైపు నుంచి కూడా వినండి. నేను ప్రభుత్వ పనులు చూసేవాణ్ణే, ఈ బిల్డింగ్ కాదు. శాంక్షన్ వచ్చేది జనవరిలో, బిల్లు పెట్టాల్సింది మార్చి 31 లోపు. గానుగ సున్నం గారు చెప్పినట్టు గోడని వేసవంతా ఆరబెడుతూ కూర్చుంటే నిధులు వెనక్కి పోతాయి. టెండరు తక్కువ కోట్ చేసినవాడికి పోతుంది. వాడు నిన్నటిదాకా సీసీ రోడ్లు వేసినవాడు. సున్నం పని వచ్చిన తాపీమేస్త్రిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? మరి కప్పు కూలి మీద పడి ఎవరైనా పోతే సంతకం పెట్టిన నేను జైలుకి వెళ్లాలి. అందుకే ఇంజినీరుకి కండెమ్ అని రాసేయడమే క్షేమంగా కనిపిస్తుంది. అది దుర్మార్గం కాదు, భయం.

చీపురుపల్లి చిన్నోడు
జైలుకే వెళ్లాలంటే వెనకే ఉందిగా.

సైట్ ఇంజినీరు
ఆ సబ్‌జైలు కూడా కండెమే తమ్ముడూ.

పాత గుమాస్తా
నేను అలాంటి తాలూకాఫీసులో చాలాకాలం పనిచేశాను, మీది కాదుగానీ పక్క తాలూకాది. బయటనుంచి చూసి "ఆహా స్తంభాలు" అనేవాళ్లకి లోపల కూర్చున్నవాళ్ల బాధ తెలియదు. వానాకాలం వస్తే ఫైళ్ల మీద టార్పాలిన్. రికార్డు రూములో చెదలు. ఒకసారి ఎస్టేటు గ్రామాల సెటిల్‌మెంటు అడంగల్ కట్ట విప్పితే లోపల పుట్ట ఉంది. 1948 చట్టంతో జమీందారీలు పోయాక భూమి ఎవరి పేర రాశారో చెప్పే కాగితం అది, రెండోది దొరకదు. పాములు సరేసరి. ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉండేది కాదు. చెప్పడానికే సిగ్గుగా ఉంది, ఆడ ఉద్యోగులు ఎదురింటికి వెళ్లేవారు.

కొత్త ఆఫీసుకి మారినరోజు మేమంతా మిఠాయిలు పంచుకున్నాం. కాబట్టి కాపాడండి అంటే కాపాడండి, కానీ మళ్లీ ఆఫీసు అందులోనే పెడతామంటే ఉద్యోగులే మొదట అడ్డం పడతారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మే నెలలో కరెంటు పోయినా ఆ గదుల్లో పని చేసుకోగలిగేవాళ్లం. ఎత్తయిన కప్పు, అంత మందం గోడ. కొత్తదాంట్లో ఏసీ ఆగితే పది నిమిషాలు కూర్చోలేరు.

కళింగ పిల్ల
మా అమ్మ రెవెన్యూలోనే చేసి రిటైరయింది. గుమాస్తా గారు రాసింది చదివి వినిపిస్తే "అందులో కొంచెం తగ్గించే చెప్పారు" అంది. ఎవరు ఏ ప్లాన్ వేసినా ముందు మరుగుదొడ్లు ఎక్కడో గీయండి దయచేసి.

గానుగ సున్నం
పాత గోడకి ఆనించి మాత్రం కట్టకండి. పాత బిల్డింగుల్ని చంపేవాటిలో నేను చూసినంతవరకు మొదటిది కప్పు, రెండోది తర్వాత అతికించిన బాత్రూము. పైపు కారుతుంది, ఎవరూ చూడరు, గోడ నాని కూర్చుంటుంది. వెనక ఖాళీ జాగాలో విడిగా కట్టి, మధ్య చిన్న నడవా వేసుకోండి. పాతదాన్ని ముట్టక్కర్లేదు.

మూడు లాంతర్లు
మాది విజయనగరం. నా పేరు చూస్తేనే అర్థమై ఉంటుంది. మా ఊరి మూడు లాంతర్ల కట్టడాన్ని 2020లో కూల్చేశారు. గొడవ జరిగింది, పేపర్లలో వచ్చింది, అయితే ఏటి? కూల్చాక చేసే గొడవ కర్మకాండే. కోటలో మోతీమహల్ సంగతీ అంతే. కాబట్టి వంశధార గారూ, సున్నం పాళ్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు పొక్లెయిన్ రాకుండా చూడండి.

రెండో మాట. మా ఊళ్లోనే బతికి ఉన్నవి కూడా ఉన్నాయి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఇవాళ్టికీ నడుస్తోంది. పొద్దున్నే అటు వెళితే వీణ, వయొలిన్ వినిపిస్తాయి. రోజూ తలుపు తెరిచేవాడు ఉంటే కప్పులో చుక్క పడ్డ రోజే ఎవరో ఒకరు అరుస్తారు. తాళం వేసినదానికి అరిచేవాడు లేడు.

నాగావళి నాని
మోతీమహల్ ట్రస్టుది, ప్రభుత్వానిది కాదు. రెండూ ఒక గాటన కట్టకండి.

మూడు లాంతర్లు
కూలినది కూలినట్టే. ఇటుకకి ట్రస్టు అనీ ప్రభుత్వం అనీ తెలుస్తుందా?

నాగావళి నాని
ఇటుకకి తెలియదు, కోర్టుకి తెలుస్తుంది. ప్రభుత్వ ఆస్తి అయితే ఎవరైనా అడగొచ్చు, ఆర్టీఐ వేయొచ్చు. అదే నా పాయింటు.

పోరంబోకు
నాని చెప్పింది కరెక్టు. వంశధార గారూ, మొదట తేల్చుకోవాల్సింది ఆ బిల్డింగ్ ఎవరిదని. స్థలం రెవెన్యూది కావొచ్చు, కట్టడం ఆర్ అండ్ బీ రిజిస్టర్లో ఉండొచ్చు, కరెంటు మీటరు ఇంకో శాఖ పేర ఉండొచ్చు. మీ ఊళ్లో రిపేరు చేయించినవాళ్లు ఒకరు, తాళం ఉన్నవాళ్లు ఒకరు అయి ఉంటారు చూడండి. ఆర్టీఐలో మూడే అడగండి. సర్వే నంబరు వర్గీకరణ, కండెమ్ చేసిన ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని నకలు, గత రిపేరు ఎస్టిమేటుతో పాటు ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎస్టిమేటు చేతికొస్తే సిమెంటు ఎవరు రాశారో కూడా బయటపడుతుంది.

రక్షిత కట్టడంగా ప్రకటించాలని కూడా అర్జీ పెట్టుకోవచ్చు. రాష్ట్రానికి 1960 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. కట్టడానికి కనీసం వందేళ్లు నిండాలి. మీది నిండిందని కాగితం మీద చూపించాలి, "మా తాత చెప్పాడు" సరిపోదు. శిలాఫలకం ఏమైనా ఉందా?

వంశధార గట్టు
వరండాలో గోడకి ఒక రాయి ఉంది. దాని మీద కూడా రంగు కొట్టేశారు.

చీపురుపల్లి చిన్నోడు
పోనీలే, కాంట్రాక్టరు సమదృష్టి.

పాత గుమాస్తా
ఆర్టీఐ ఫీజు మండల స్థాయికి అయిదు రూపాయలే, జిల్లా ఆఫీసుకి పది. పది పెట్టేసి "తీసుకోలేదు" అని తిరిగి రాకండి. నాకు తెలిసిన ఒకాయనకి ఇదే జరిగింది. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ కూడా ఇవ్వండి, రసీదు నంబరు వస్తుంది. ఒకరు కాక పదిమంది కలిసి వెళ్లండి.

సైట్ ఇంజినీరు
రక్షిత కట్టడం విషయంలో నాకు అనుమానాలున్నాయి. ఒకసారి ప్రకటించాక మేకు కొట్టాలన్నా పర్మిషనే. కేంద్రం చేతిలో ఉన్న కట్టడాలకైతే 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రణ. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలకి, శ్రీముఖలింగం గుడికి అది అవసరం. బస్టాండు పక్క తాలూకాఫీసుకి అలాంటిది వస్తుందని పుకారు లేచిందంటే చుట్టుపక్కల షాపులవాళ్లే రాత్రికి రాత్రి గోడ పడగొడతారు.

పోరంబోకు
ఆ 100, 200 కేంద్ర చట్టంలోవి. మీరే పుకారు పుట్టిస్తున్నారు సార్.

సైట్ ఇంజినీరు
అందుకే కేంద్రం అని ముందే రాశాను. పుకారుకి చట్టంతో పని లేదు కదా.

పలాస జీడిపప్పు
అందరూ తిడతారని తెలుసు, అయినా అంటాను. మా పక్క ఊళ్లో బడికి ప్రహరీ లేదు, ఆసుపత్రిలో మంచాలు చాలవు. ఆ డబ్బు తీసుకెళ్లి తెల్లవాడు పన్నులు పిండుకున్న ఆఫీసుకి సున్నం కొడదామంటారు. అది ఏటి మనకి గర్వకారణమా? రైతులు శిస్తు కట్టలేక ఆ వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మూడు లాంతర్లు
నిలబడ్డారు కాబట్టే ఉంచాలి. జైలు గది కూడా ఉంచాలి.

పాత గుమాస్తా
జీడిపప్పు గారి మాట తీసిపారేసేది కాదు. ఆ వరండాలో కన్నీళ్లు నేనూ చూశాను. అయితే కూలిస్తే ఆ డబ్బు బడికి పోతుందనుకోకండి. షాపింగ్ కాంప్లెక్సుకి పోతుంది.

పలాస జీడిపప్పు
అది నిజమే. తిత్లీ తుఫానుకి (2018) మా దగ్గర కొత్తగా వేసిన రేకుల షెడ్లన్నీ ఎగిరిపోయాయి, పాత పోలీస్ క్వార్టర్లు మాత్రం నిలబడ్డాయి. గట్టిదనం మీద నాకు పేచీ లేదు. రోజూ జనానికి పనికొచ్చేదిగా చేస్తే నేనూ సంతకం పెడతాను. మ్యూజియం మాత్రం వద్దు. రెండు తుప్పు కత్తులు, నాలుగు ఫోటోలు, ఒక నిద్రపోయే వాచ్‌మన్.

కళింగ పిల్ల
గ్రంథాలయం పెట్టండి. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలు గంటకింత అని ప్రైవేటు రీడింగ్ రూములకి కడుతున్నారు. వరండాలో బల్లలు వేసినా చాలు నిండిపోతుంది.

గానుగ సున్నం
గ్రంథాలయం మంచిదే, పుస్తకాల బరువు మాత్రం గోడల వెంట నేల మీదే పెట్టండి. ట్రెజరీ గదిలో పాత రికార్డులు పెడదామని ఎవరైనా అంటే ముందు కరెంటు వైరింగ్ మొత్తం మార్చమనండి. మద్రాసు టెర్రస్‌లో ఉన్నవి టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకలు. నిప్పు దూలానికి అంటుకుంటే కప్పంతా కిందికొస్తుంది.

సైట్ ఇంజినీరు
దానికి ఉదాహరణ మద్రాసులోనే ఉంది. చేపాక్ ప్యాలెస్‌లో కలస్ మహల్. అందులో ప్రభుత్వ ఆఫీసులుండేవి. 2012 జనవరిలో కాలిపోయింది, మంటలార్పడానికి వెళ్లిన అధికారి ఒకరు చనిపోయారు కూడా. కూల్చేస్తారనుకున్నారు. కానీ అక్కడి పీడబ్ల్యూడీయే (ప్రభుత్వ కట్టడాల శాఖే) సున్నంతో, టేకుతో మళ్లీ నిలబెట్టింది, ఇప్పుడు అందులో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ బెంచి నడుస్తోంది. పాత కట్టడాల కోసం వాళ్లకి విడిగా ఒక విభాగం ఉంది. అంటే ప్రభుత్వ ఇంజినీరు చేయలేడని కాదు. చేయడానికి అతనికి నేర్పాలి, టైమివ్వాలి, రేటివ్వాలి. కేంద్రం వాళ్ల సీపీడబ్ల్యూడీ 2013లోనే వారసత్వ కట్టడాల మరమ్మతు మీద చేతిపుస్తకం వేసింది. మా ఆఫీసుల్లో ఎంతమంది తెరిచారో అడగకండి.

గానుగ సున్నం
ఈ మాట మీ నోట వినడం బాగుంది సార్. ఒప్పందంలోనే రాయొచ్చు. పాత సున్నం పని చేసిన అనుభవం ఉన్నవాళ్లే టెండరు వేయాలి, ముందు ఒక గజం గోడ మీద నమూనా చేసి చూపించాలి, అది ఒక వాన చూశాకే మిగతా పని.

పోరంబోకు
నిర్వహణ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. రిపేరుకి ఎమ్మెల్యే నిధులో, ఎంపీ నిధులో ఎలాగోలా వస్తాయి. కొబ్బరికాయ కొట్టే పనికి డబ్బు దొరుకుతుంది. ఏటా జూన్‌కి ముందు కప్పు మీద ఆకులు ఊడ్చి, గొట్టాలు శుభ్రం చేసి, మొలిచిన మొక్క పీకి, రెండేళ్లకోసారి వెల్ల వేయడానికి ఎవరి పద్దులోంచి ఇస్తారు? అది చిన్న మొత్తమే. చిన్నది కాబట్టే దానికి ఎవరూ ఫైలు పెట్టరు.

వంశధార గట్టు
నిజం. పోయినసారి రిపేరయ్యాక ఒక్కరు కూడా కప్పెక్కలేదు. గొట్టంలో బంతి ఇరుక్కుని నీళ్లు నిలిచాయి, ఆ రెండు గదులే ఇప్పుడు కారుతున్నవి.

చీపురుపల్లి చిన్నోడు
క్రికెట్ ఆడిన కుర్రాళ్లలో నువ్వూ ఉన్నావా అన్నా?

కళింగ పిల్ల
గ్రంథాలయానికి ఇస్తే గ్రంథాలయ సంస్థకి సెస్సు డబ్బు ఉంటుంది కదా, ఇంటిపన్నుతో పాటు వసూలయ్యేది. ఆ పద్దులోంచి మెయింటెనెన్స్ రాయమని అడగొచ్చు. వెనక జాగాలో క్యాంటీన్ అద్దెకిస్తే వాచ్‌మన్ జీతం వస్తుంది.

గానుగ సున్నం
క్యాంటీన్ పొయ్యి వరండాకి దూరంగా.

పలాస జీడిపప్పు
సెస్సు వసూలు చేసినవాళ్లు గ్రంథాలయ సంస్థకి కట్టాలి కదా ముందు. అక్కడే సగం ఆగిపోతుంది. అయినా ఈ ప్లాన్‌కైతే నా సంతకం రాసుకోండి.

వంశధార గట్టు
అప్‌డేట్. ఇవాళ మండలాఫీసుకి వెళ్లాను. స్థలం రెవెన్యూదే. కండెమ్ అనేది ఇంకా నోటి మాటే, కాగితం ఏదీ లేదని అక్కడివాళ్లు చెప్పారు. ఆర్టీఐ పెట్టాను, అయిదు రూపాయలే తీసుకున్నారు, గుమాస్తా గారికి దండాలు. తాళం మాత్రం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఒకరు ఇంజినీర్ల ఆఫీసు అన్నారు, ఇంకొకరు ఎన్నికల సామాన్లు పెట్టినప్పటి వీఆర్వో అన్నారు, ఆయన బదిలీ అయిపోయాడట.

పోరంబోకు
మంచిదే. నోటి మాటగా ఉన్నప్పుడే అర్జీ పడాలి. ఉత్తర్వు వచ్చాక ఆపడం వేరే కథ. సోమవారం అర్జీలో కూల్చొద్దు అని మాత్రమే రాయకండి. గ్రంథాలయానికి కేటాయించండి అని కూడా రాయండి. వద్దు అనే అర్జీని పక్కన పెట్టేస్తారు, కావాలి అనేదాన్ని ఏదో ఒక శాఖకి పంపక తప్పదు.

సైట్ ఇంజినీరు
అర్జీకి ఫోటోలు జత చేయండి. కప్పు మొత్తం కాదు, రెండు గదులే కారుతున్నాయని కనబడేలా. "మొత్తం శిథిలం" అని రాసేవాడికి అవి అడ్డం పడతాయి. నేను ఆదివారం ఆమదాలవలస వైపు వస్తున్నాను, ఊరి పేరు ప్రైవేటు మెసేజ్‌లో పెడితే ఒకసారి చూసి వెళతాను. అధికారికంగా కాదు.

గానుగ సున్నం
నేనూ వస్తాను. ఆ శిలాఫలకం మీద రంగు ఎవరూ గీకకండి, సుత్తి, ఉప్పు కాగితం అస్సలు వద్దు. పోల్టీసు (రంగుని మెత్తబరిచే తడి ముద్ద) పెట్టి తీద్దాం, నేను తెస్తాను. రావి మొదలు దగ్గరికి ఎక్కాలి, నిచ్చెన కావాలి.

వంశధార గట్టు
నిచ్చెన టెంట్ హౌస్ వాళ్ల దగ్గరుంది. ఆదివారం పెళ్లిళ్లున్నాయట, పది గంటల లోపు తిరిగిచ్చేయమన్నారు. ఏడింటికల్లా వచ్చేయండి.

చీపురుపల్లి చిన్నోడు
నేనూ వస్తున్నా. బంతి దొరికితే నాకే.